డివార్డా అల్లాయ్ కొంటున్నారా? సీఓఏ (సప్లయర్ ఇచ్చే పరీక్ష సర్టిఫికెట్) ఒక్కటే చూసి సంతకం పెట్టకండి

ఎరువుల ల్యాబ్‌లకీ నీళ్ల టెస్టింగ్ ల్యాబ్‌లకీ "రేటు సగమే" అని వాట్సాప్ పెట్టే ఆ సప్లయర్ ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర డివార్డా అల్లాయ్ (నైట్రేట్‌లోని నైట్రోజన్ కొలవడానికి వాడే, రాగి, అల్యూమినియం, జింక్ కలిపి కరిగించి చేసిన లోహపు పొడి) 500 గ్రాముల డబ్బా తీసుకునే ముందు ఇది చదవండి.

మాకు వచ్చింది అల్లాయ్ కాదు. రాగి పొడి, అల్యూమినియం పొడి, జింక్ పొడి కలిపేసి లేబుల్ అంటించిన సరుకు.

ఇదేంటని ఫోన్ చేస్తే ఎంత ధీమాగా చెప్పాడో: "సీఓఏ చదవండి సార్. కాపర్ 50, అల్యూమినియం 45, జింక్ 5. ఒక్క పాయింటు తేడా ఉందా?" లేదు మహానుభావా, నిజంగానే లేదు! బియ్యం, పెసరపప్పు సంచిలో పోసి పులగం అని అమ్మినట్టుంది. అక్కడితో ఆగాడా? "సీల్ తీశాక రిటర్న్ ఉండదు. ముందు మీ అనలిస్టుకి డిస్టిలేషన్ వచ్చో రాదో చూసుకోండి" అన్నాడు. మంట పుట్టించింది ఈ మాటే.

డిస్టిలేషన్ సంగతి చెబుతాను, వినండి. నైట్రేట్‌ని ఈ పొడి అమ్మోనియాగా మారుస్తుంది, దాన్ని మరిగించి రిసీవర్‌లోని యాసిడ్‌లో పట్టి, ఎంత యాసిడ్ ఖర్చయిందో చూస్తాం. ఆరబెట్టిన పొటాషియం నైట్రేట్ 0.25 గ్రాములు, నీళ్లు 300 మి.లీ., ఈ పొడి 3 గ్రాములు. 42 శాతం కాస్టిక్ సోడా 5 మి.లీ. ఫ్లాస్క్ గోడ వెంట జార్చి, సెట్ బిగించాకే కలిపి, మొదట్లో సన్నమంట మీద. 0.1 నార్మల్ యాసిడ్ 24.7 మి.లీ. ఖర్చవ్వాలి. 19 దగ్గర ఆగింది. అదే సెట్‌లో అల్లాయ్ లేకుండా అమ్మోనియం సల్ఫేట్ (ఇందులో నైట్రోజన్ ముందే అమ్మోనియా రూపంలో ఉంటుంది) 0.25 గ్రాములు పెడితే 37.8 రావాల్సింది 37.7 వచ్చింది. అంటే సెట్ లీకు లేదు, అనలిస్టు చేతిలో లోపం లేదు. లోపం డబ్బాలోనే.

కారణం కూడా మర్మమేమీ కాదు. అసలు అల్లాయ్‌లో ప్రతి రేణువులోనూ రాగి, అల్యూమినియం అతుక్కుని ఉంటాయి. క్షారంలో అది నిదానంగా కరుగుతూ, వేడెక్కేకొద్దీ నైట్రేట్‌ని అమ్మోనియాగా మారుస్తూ పోతుంది. విడి అల్యూమినియం పొడి అలా కాదు. సోడా తగలగానే బుస్సున పొంగి, హైడ్రోజన్ అంతా వదిలేసి చల్లబడుతుంది. అసలు పని మొదలయ్యే సరికి మిగిలేది ఎర్ర రాగి. ఆ నురుగు గొట్టంలోకి ఎక్కితే క్షారం కూడా రిసీవర్‌లో పడుతుంది, అప్పుడు రీడింగ్ ఉన్నట్టుండి ఎక్కువొస్తుంది. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. ఇలాంటి పొడితో 13-0-45 (13 శాతం నైట్రోజన్ ఉండే పొటాషియం నైట్రేట్ ఎరువు) శాంపిల్ చేస్తే నైట్రోజన్ 10 దగ్గర చూపించి, మంచి సరుకు అమ్మే డీలర్‌కి నోటీసు వెళ్తుంది. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పాలా?

పట్టుకోవడం మాత్రం రెండు నిమిషాల పని. చిటికెడు పొడి తెల్ల కాగితం మీద పరిచి పది రెట్ల లెన్స్‌తో చూడండి. అసలుదైతే అన్నీ ఒకే బూడిద రంగు, గాజు పెంకుల్లా విరిగిన ముక్కలు. ఇందులో ఎర్ర రేణువులు వేరే, తళతళలాడే పొరలు వేరే కనిపించాయి. నీళ్లలో వేసి కదిపితే ఆ పొరలు పైన తేలాయి, ఎర్రది అడుక్కి పోయింది. సీల్ ఎంత అందంగా ఉందో చూసి మురిసే మనం లెన్స్ ఎందుకు తీస్తాం లెండి.

ఇంకో మాట. కొత్త బ్యాచ్ ఏదైనా, ఎవరి దగ్గర కొన్నా, బ్లాంకు (శాంపిల్ లేకుండా చేసే టెస్ట్), పొటాషియం నైట్రేట్ రికవరీ (వేసిన నైట్రోజన్‌లో ఎంత శాతం తిరిగొచ్చిందో చూడటం) రెండూ చేశాకే బిల్లు పాస్ చేయండి. పీఓలో (కొనుగోలు ఆర్డర్‌లో) "కరిగించి పోత పోసి నూరిన అల్లాయ్, రికవరీ 99 శాతానికి తగ్గితే వాపసు" అని రాయించండి. ఇప్పటికే ఈ డబ్బా మీ దగ్గరుంటే తడి తగలనివ్వకండి, సింకులో అసలు పోయకండి.