చేపను కిందికి దింపే క్లిప్పు: సోమశిలలో దండుగ, అండమాన్‌లో పనికొచ్చింది

ఆన్‌లైన్‌లో 3,800 పెట్టి కొన్నాను. బాగా లోతు నుంచి లాగిన చేపను వదిలేసినా ఒక్కోసారి మునగలేక వెల్లకిలా తేలుతుంది కదా, దాని దవడకు ఈ క్లిప్పు తగిలించి, కింద బరువు కట్టి తాడుతో దింపాలి. 50, 100, 150 అడుగుల్లో మనం పెట్టిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి క్లిప్పు దానంతటదే తెరుచుకుంటుంది.

మొదట కొల్లాపూర్ దగ్గర సోమశిలకు పట్టుకుపోయాను, శ్రీశైలం బ్యాక్‌వాటర్ కదా, పనికొస్తుందనుకున్నా. పుట్టి నడిపే మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పట్టిన చాపను మళ్ల కిందికి దించుడేంది బిడ్డా" అని ఒకటే నవ్వు. తర్వాత అసలు మాట చెప్పాడు: "బొచ్చె పైకొచ్చేటప్పుడే బుడగలు ఇడుస్తది, సూడలే?" నిజమే. బొచ్చె, రవ్వలకు గాలిసంచి (చేప నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే తిత్తి) నుంచి గొంతులోకి సన్నని గొట్టం ఉంటుంది, ఎక్కువైన గాలిని నోట్లోంచి వదిలేసుకుంటాయి. అమ్మినవాళ్లు మాత్రం 'అన్ని చేపలకూ' అని రాసుకున్నారు! ధర ఎంతని మామ అడిగితే 300 అని చెప్పాను.

మొన్న దోస్తులతో అండమాన్ పోయినప్పుడు దీని విలువ తెలిసింది. గ్రూపర్ అనే సముద్రపు చేపకు ఆ గొట్టం ఉండదు. 40 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి ఐదింతలు, అంటే పైకి లాగేసరికి లోపలి గాలి ఐదింతలు కావాలని చూస్తుంది. కళ్లు బయటికి పొడుచుకొచ్చి, పొట్ట సంచి నోట్లోంచి బెలూన్‌లా బయటపడింది. దాన్ని సూదితో పొడవొద్దు, అది గాలిసంచి కాదు, కడుపు. 100 అడుగులకు పెట్టి మూడు చేపలను దించాం. రెండు మళ్లీ తేలలేదు. బతికాయో లేదో కిందికి దిగి చూసినవాడు లేడనుకోండి. మూడోది పెద్దది, మేం కట్టిన కిలో బరువు చాలక మునగకుండా పైనే ఆగింది, రెండు కిలోలు కట్టాక పోయింది. పట్టు మాత్రం గట్టిది, ఎక్కడా జారలేదు.

అమెరికాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అడుగున రాతి దిబ్బల్లో ఉండే చేపలు పట్టే పడవల్లో ఇలాంటిదో, గాలి తీసే సూదో ఉండాలని 2022 జనవరిలో తప్పనిసరి చేశారు. సూది ఎక్కడ గుచ్చాలో తెలియని మనలాంటోళ్లకు క్లిప్పే నయం. అంత డబ్బెందుకంటే ప్లాస్టిక్ క్రేటు బోర్లించి, బరువు కట్టి, కింద చేపను పెట్టి దించినా పనవుతుంది.

సాగర్‌లో, సోమశిలలో బొచ్చెలకు గాలం వేసేవాళ్లు మాత్రం కొనకండి. సముద్రానికి పోతే, వచ్చాక మంచినీళ్లతో కడగండి. నేను మరిచాను, స్ప్రింగు దగ్గర అప్పుడే తుప్పు మొదలైంది.