అన్ని దిక్కుల చానెళ్ళూ పట్టే యాంటెన్నా అంటే నమ్మకండి: సెంట్రల్ న్యూజెర్సీ వాళ్ళకు జాగ్రత్త

ప్లెయిన్స్‌బరో, ఈస్ట్ విండ్సర్, సౌత్ బ్రన్స్‌విక్ వైపు సొంతిల్లు ఉండి, కేబుల్ మానేసి రూఫ్ మీద టీవీ యాంటెన్నా పెట్టించుకుందాం అనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. "360 డిగ్రీలు, 150 మైళ్ళు, న్యూయార్కూ ఫిలడెల్ఫియా రెండూ వస్తాయి" అని చెప్పి ఒక ఇన్‌స్టాలర్ మాకు పళ్ళెం లాంటి గుండ్రటి యాంటెన్నా బిగించి వెళ్ళాడు. న్యూయార్క్ చానెళ్ళు కొన్ని వచ్చాయి. 7వ నంబరు చానెల్ బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చేది, ఫిలడెల్ఫియా 6 అసలు పలకలేదు. వాపసు తీసుకోమంటే "ఒకసారి బిగించాక రిటర్న్ ఉండదు" అన్నాడు.

ఆశ పుట్టించే చోటే మనం ఉన్నాం. ఇక్కణ్ణుంచి న్యూయార్క్ టవర్లు, అంటే ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్, ఈశాన్యాన ఉన్నాయి. ఫిలడెల్ఫియా టవర్లు నైరుతి వైపు రాక్స్‌బరోలో ఉన్నాయి. ఇంచుమించు ఎదురెదురు దిక్కులు, రెండూ 40 మైళ్ళ దరిదాపు. ఆదివారం న్యూయార్క్ ఫుట్‌బాల్ జట్టు జెయింట్స్ ఆటా, ఫిలడెల్ఫియా జట్టు ఈగిల్స్ ఆటా రెండూ ఫ్రీగా చూడొచ్చంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అమ్మేవాళ్ళు పట్టుకునేది ఇక్కడే.

దిక్కు సంగతి అందరూ అడుగుతారు, ఫ్రీక్వెన్సీ సంగతి ఎవరూ అడగరు. టీవీ మీద కనిపించే నంబరూ, స్టేషన్ నిజంగా ప్రసారం చేసే నంబరూ చాలాసార్లు వేరు. ఆ ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ యాంటెన్నా కడ్డీ పొడవు పెరగాలి. న్యూయార్క్ 2 నిజానికి యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్) 36లో వస్తుంది. అలాంటి వాటికి అడుగు పొడవు లోహపు కడ్డీ సరిపోతుంది. కానీ న్యూయార్క్ 7, 11 నిజంగానే వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్) 7, 11లోనే ఉన్నాయి. 7కి దాదాపు మూడడుగుల కడ్డీ కావాలి. ఫిలడెల్ఫియా 6 ఇంకా కిందన, 82 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య ఉంది. దానికి ఆరడుగులకు కాస్త తక్కువ కడ్డీ ఉండాలి. అడుగు వెడల్పు పళ్ళెం 40 మైళ్ళ నుంచి దాన్ని గట్టిగా ఎలా పట్టగలదు? లోపల యాంప్లిఫయర్ ఉంది కదా అని అతను వాదించాడు. యాంటెన్నా పట్టని సిగ్నల్‌ని యాంప్లిఫయర్ పుట్టించలేదు, ఉన్న గోలనే పెంచుతుంది. ఇక 150 మైళ్ళ మాట పూర్తిగా అబద్ధం. భూమి వంపు వల్ల మామూలు ఇళ్ళకు అరవై, డెబ్బై మైళ్ళు దాటి నమ్మకంగా అందడం చాలా అరుదు.

గట్టిగా నిలదీస్తే మళ్ళీ వచ్చి రెండో యాంటెన్నా తగిలించి, స్ప్లిటర్‌ని (ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే ముక్క) తిరగేసి రెండు కేబుళ్ళనూ ఒకటిగా కలిపాడు. దాంతో ముందు బాగా వచ్చినవి కూడా పోయాయి. ఇలా కలిపితే ఒక్కో యాంటెన్నా సిగ్నల్‌లో సగం దాకా ఆ స్ప్లిటర్‌లోనే పోతుంది. పైగా ఒకే స్టేషన్ సిగ్నళ్ళు రెండు యాంటెన్నాల గుండా కొద్ది తేడాతో చేరి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఎవరైనా ఈ పని చేయబోతే అక్కడే ఆపండి.

నాకు బాగా కోపం తెప్పించింది గ్రౌండింగ్. యాంటెన్నా నిలబెట్టే స్తంభానికీ కేబుల్‌కీ ఎర్త్ ఇవ్వాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది, రాగి తీగైతే కనీసం 10 గేజ్ మందం. అతను ఏమీ వేయలేదు. నేరుగా పిడుగు పడితే ఆ తీగ కాపాడుతుందని కాదు, కానీ వేసవి ఉరుముల్లో పేరుకునే చార్జ్‌కి ఒక దారి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఇంత నిర్లక్ష్యమా?

"పెద్దదానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకోదు, అందుకే ఈ చిన్నది" అని కూడా అన్నాడు. మీ సొంత రూఫ్ మీద టీవీ యాంటెన్నాను హెచ్‌ఓఏ మామూలుగా అడ్డుకోకూడదని ఎఫ్‌సీసీ (టీవీ, రేడియో ప్రసారాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నియమం 1996 నుంచీ ఉంది. స్తంభం రూఫ్ కంటే 12 అడుగుల పైకి వెళ్తేనే అనుమతి ప్రశ్న వస్తుంది.

చివరికి మాకు పనిచేసింది ఇది. ఈశాన్యానికి ఒకటి, నైరుతికి పొడవు కడ్డీలున్నది ఇంకొకటి, రెండింటికీ వేరు వేరు కేబుళ్ళు. న్యూయార్క్‌ది నేరుగా టీవీకి, ఫిలడెల్ఫియాది చిన్న ట్యూనర్ బాక్స్ గుండా హెచ్‌డీఎంఐలోకి. రెండు కేబుళ్ళలో ఏదో ఒకదాన్ని టీవీకి కలిపే ఎ/బి స్విచ్ చవకే కానీ, చాలా టీవీలు రెండోసారి స్కాన్ చేస్తే మొదటి లిస్టు చెరిపేస్తాయి.

కొనేముందు ఎఫ్‌సీసీ సైట్‌లో మీ అడ్రస్ కొట్టి ఏ స్టేషన్ ఏ దిక్కున ఉందో, నిజమైన చానెల్ నంబరు ఏమిటో రాసుకోండి. బిల్లు మీద "6, 7, 11 ఆగకుండా రావాలి" అని రాయించుకోండి. అవి మీ టీవీలో మీ కళ్ళతో చూశాకే డబ్బివ్వండి. క్యాష్, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) అయితే డిస్కౌంట్ అంటే వద్దనండి. మేం క్రెడిట్ కార్డుతో కట్టాం కాబట్టి డిస్ప్యూట్ వేయగలిగాం, అది ఇంకా తేలలేదు.