కిర్కీ పారాప్లెజిక్ సెంటర్: మా తమ్ముడి కోసం వెళ్లి చూసిన చోటు

వెన్నుపూస దెబ్బతిని, కాళ్లు పడిపోయి, సైన్యం నుంచి బోర్డ్ ఔట్ అయి (అంటే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని పంపించేస్తే) వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లని మంచానికే వదిలేయకండి. పుణె దగ్గర కిర్కీలో ఉన్న పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ గురించి కనుక్కోండి. మా తమ్ముడు అక్కడ ఉండి వచ్చాడు, అమ్మా నేనూ వెళ్లి చూశాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

1965, 1971 యుద్ధాల్లో గాయపడి జీవితాంతం వీల్‌చైర్‌లో ఉండాల్సి వచ్చిన జవాన్లు చాలామంది. అలాంటివాళ్ల కోసం 1974లో ఈ సెంటర్ మొదలైంది. అయితే ఇక్కడ ఉండేవాళ్లంతా తూటా తగిలినవాళ్లే అనుకోకండి, బండి లోయలో పడినవాళ్లు, సెలవులో ఇంటికొచ్చి బైక్ యాక్సిడెంట్ అయినవాళ్లు కూడా ఉంటారు. మావాడిది కొండ దారిలో బండి ప్రమాదమే.

ఇంట్లో ఉన్నప్పుడు వాడికి మేం చేయని సేవ లేదు. అన్నం కలిపి పెట్టడం, ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, చేతికి గ్లాసు అందించడం, అన్నీ మేమే. అయినా నడుము కింద పుండు పడింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మా దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ రాసిచ్చారు గానీ రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఒక్కరూ చెప్పలేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి ఈ పుండ్లూ ఇన్‌ఫెక్షన్లేనని మాకు కిర్కీ వెళ్లాకే తెలిసింది. చర్మానికి స్పర్శ ఉండదు కాబట్టి పుండు లోతుగా వెళ్లేదాకా మనిషికి తెలియదు.

అక్కడ వాడికి నేర్పించినవాళ్లలో ఫిజియోథెరపిస్టులు ఎంతమందో, ఏళ్లుగా కుర్చీలోనే ఉన్న పాత జవాన్లూ అంతమంది. కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో చేతుల మీద బలం వేసి ఒంటిని పైకి లేపడం, టైం ప్రకారం మూత్రం ట్యూబు తనే వేసుకోవడం, అద్దం పెట్టుకుని రోజూ చర్మం చూసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి ఎవరి సాయమూ లేకుండా జరగడం. ఇవి డాక్టరు చెప్తే మావాడు తల తిప్పేసుకునేవాడు. అదే ఒక సీనియర్ తన కుర్చీ పక్కకి తెచ్చి, చేసి చూపించి, "చల్, అబ్ తూ కర్" (పద, ఇప్పుడు నువ్వు చెయ్యి) అంటే చేశాడు. రెజిమెంట్ వేరైనా వాళ్ల మాట వాళ్లకే ఎక్కుతుంది. అక్కడ జాలిగా చూసేవాడు లేడు, ఇంట్లో మేమందరం జాలిగానే చూశాం.

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఆడతారు, చూస్తుంటే కుర్చీలు గుద్దుకుంటాయేమో అని మనకే టెన్షన్. చేతులు కూడా పనిచేయనివాళ్లు కొందరు నోటితో బ్రష్ పట్టుకుని బొమ్మలు వేస్తారు. అమ్మ ఆ బొమ్మల దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. అమ్మకి హిందీ రాదు, అయినా అక్కడివాళ్లు ఆమెని "మాతాజీ" అంటూ అన్నీ సైగలతో చెప్పారు.

అదే కిర్కీలో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకి పని నేర్పడానికి 1917లో బొంబాయిలో పెట్టి, తర్వాత కిర్కీకి మార్చారు. అంగవైకల్యం వచ్చిన సైనికులు హాస్టల్లో ఉండి కోర్సు చేసుకోవచ్చు. ఉద్యోగం వైపు ఆలోచించేవాళ్లు దీని గురించీ అడగండి.

ఇబ్బంది ఏమిటంటే దూరం. ఇలాంటి సెంటర్లు కిర్కీలో ఒకటి, మొహాలీలో ఒకటి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా పుణె దాకా వెళ్లొచ్చు, కానీ వీల్‌చైర్ మనిషితో ఆ ప్రయాణం నరకం. ఉత్తరాంధ్ర ఊళ్లు, మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెలు, పశ్చిమ గోదావరిలో మాధవరం, ఇన్ని చోట్ల నుంచి తరతరాలుగా పిల్లలు సైన్యంలోకి వెళ్తున్నారు. మన దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉండాలని అడగడం తప్పు కాదు.

ఇంకో సంగతి, మనిషి అక్కడ ఎంత నేర్చుకున్నా ఇల్లు మారకపోతే మళ్లీ మంచమే. తమ్ముడు రాకముందే మేం బాత్రూం తలుపు వెడల్పు చేయించాం, 32 అంగుళాలు ఉంటే కుర్చీ సులువుగా పోతుంది. గుమ్మం దగ్గర ర్యాంపు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. మేస్త్రీ అంత జాగా ఎందుకమ్మా అంటాడు, వినకండి, నిటారుగా కడితే కుర్చీ వెనక్కి పడిపోతుంది. ఇప్పుడు వాడు పొద్దున్నే తనంతట తనే వీధిలోకి వెళ్లి టీ తాగి వస్తున్నాడు, రోడ్డు గుంతల దగ్గర మాత్రం ఎవరో ఒకరు చెయ్యి వేయాలి.

వెళ్లాలనుకునేవాళ్లు డిశ్చార్జి బుక్, మెడికల్ బోర్డు కాగితాలు, పెన్షన్ ఆర్డరు జిరాక్సులు తీసి పెట్టుకుని ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కలవండి. నూరు శాతం వైకల్యం ఉంటే కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అని తోడు మనిషి కోసం విడిగా డబ్బు వస్తుంది, అది మెడికల్ బోర్డు సిఫారసు చేయాలి, కాగితాల్లో ఉందో లేదో అదే రోజు చూపించి అడగండి.