తల్లి చేపలకు లవంగ నూనె మత్తు: చాలా సీజన్లు వాడాక నా అభిప్రాయం

గుడ్ల కోసం పెంచే తల్లి గడ్డిచేపను (గ్రాస్ కార్ప్) చేతుల్లో ఆపడం ఎంత కష్టమో హ్యాచరీలో పనిచేసిన ఎవరినడిగినా చెప్తారు. ఐదు కిలోల చేప ఒక్కసారి తోక విదిలిస్తే సూది వంగిపోతుంది, పొలుసులు రాలతాయి, ఆ గాయానికి తర్వాత బూజు పడుతుంది. అందుకే కైకలూరు వైపు మా హ్యాచరీలో గుడ్లు పెట్టించే హార్మోన్ ఇంజెక్షన్‌కీ, పొట్ట నొక్కి గుడ్లు పిండడానికీ లవంగ నూనెనే వాడుతున్నాం. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

మా కొలత వంద లీటర్ల నీటికి ఐదు మిల్లీలీటర్లు, అంటే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు. నేరుగా పోస్తే నూనె పైన తేలిపోయి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది కాబట్టి ముందు ఒక వంతు నూనెను తొమ్మిది వంతుల ఇథనాల్‌లో కలిపి, ఆ తర్వాతే నీళ్లలో పోయాలి. గాయాలకు వాడే స్పిరిట్ మాత్రం వద్దు, అందులో ఇంకేం కలుపుతారో తెలీదు.

మందు ఎక్కేకొద్దీ చేప ఈత మందగించి, ఒరిగి, వెల్లకిలా పడుతుంది, తోక గిల్లినా కదలదు, మొప్ప మూత మాత్రం నిదానంగా, ఒకే తీరున ఆడుతూ ఉంటుంది. పని చేయాల్సింది అప్పుడే. మొప్ప ఆగి ఆగి ఆడుతోందంటే పని సగంలో ఉన్నా సరే, వదిలేసి మంచినీళ్లలోకి మార్చేయాలి. ఇన్ని నిమిషాలని లెక్క పెట్టుకోవద్దు, నీళ్లు వేడిగా ఉంటే మత్తు చాలా త్వరగా ఎక్కేస్తుంది. అందుకే మొప్పలు చూడటానికే ఒక మనిషిని పెడతాను, ఆ మనిషికి వేరే పని చెప్పను.

తేరుకునే తొట్టిలో గాలి బాగా అందాలి, చేప నోరు నీటి వాలుకు ఎదురుగా ఉండాలి. తోక పట్టి వెనక్కి లాగితే మొప్పల్లో నీళ్లు ఎదురు తిరుగుతాయి, అది అస్సలు చేయొద్దు.

ఎంఎస్-222 అనే మరో చేపల మత్తుమందుతో చేప ఇంతకంటే త్వరగా తేరుకుంటుంది, నిజమే, కానీ ఖరీదెక్కువ, పైగా అది నీళ్లను ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి వంటసోడా కలపాలి. లవంగ నూనెతో నాకున్న పెద్ద చిరాకు కల్తీ. మొన్నటి సీసాకి సరిపోయిన కొలత కొత్త సీసాకి సరిపోదు, అందుకే సీసా మారిన ప్రతిసారీ ముందు రెండు చిన్న చేపల మీద చూసి తీరాలి.

ఇది తల్లి చేపలకే, తినే చేపకు వద్దు. అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తినే చేపలకు లవంగ నూనెను అనుమతించలేదు, ఎంఎస్-222 ఇచ్చిన చేపకైనా 21 రోజులు ఆగాలంటుంది. మత్తు తగిలిన చేపను మేం మార్కెట్ బండి ఎక్కించం.