పదకొండేళ్లుగా మా బల్ల మీద ఉన్న పాత వెండి: వంశచిహ్నాలు చెక్కిన చెంచాలు, ఒక చిన్న ట్రే

2014లో కొన్నాను, అప్పటి నుంచి దాదాపు రోజూ వాడుతున్నాను, కాబట్టి ఇప్పుడు రాస్తే కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుందనిపించింది. మేముండేది బర్మింగ్‌హామ్‌లో. కొన్నవి ఆరు పెద్ద చెంచాలు, ఆరు చిన్నవి, ఆరు ఫోర్కులు. అన్నీ లండన్‌లో 1800లో ముద్ర (హాల్‌మార్క్) పడినవే, చేసింది విలియం ఈలీ, విలియం ఫెర్న్ అనే జోడీ. మరుసటి ఏడాది మూడు కాళ్లున్న చిన్న ట్రే ఒకటి తీసుకున్నాను. చెంచా కాడల మీద కవచం తొడిగిన చెయ్యి, పిడికిట్లో బాకు, దాని కింద మెలితిప్పిన గుడ్డ పట్టీ ఉంటాయి. ఇది వంశచిహ్నంలో పై భాగం మాత్రమే, దీన్ని క్రెస్ట్ అంటారు. కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే వంశచిహ్నంలో అసలు భాగం, ట్రే మీద ఉంది.

మనకిది మరీ కొత్త సంగతి కాదు. మా అమ్మమ్మ స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేది, వెండి గ్లాసు అడుగున తారీఖుతో సహా. ఇక్కడి కుటుంబాలవాళ్లు పేరుకు బదులు బొమ్మ చెక్కించుకున్నారు, అంతే. కాకపోతే ఒకే బొమ్మను చాలా కుటుంబాలు వాడాయి, అందుకే ఆ చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క క్రెస్ట్ చూపించి ఫలానా ప్రభువుగారి చెంచా అని ఎవరైనా ఎక్కువ ధర అడిగితే నమ్మకండి.

వాడకం గురించి చెప్పాలంటే, చేతిలో ఆ బరువు అలవాటయ్యాక మామూలు స్టీలు చెంచా రేకుముక్కలా అనిపిస్తుంది. పెరుగన్నం, పాయసం, పప్పు దేనికైనా హాయిగా ఉంటాయి. పులుసు పొగలు కక్కుతున్నప్పుడు మాత్రం జాగ్రత్త, వెండిలో వేడి ఎంత తొందరగా పాకుతుందంటే కాడ కూడా చుర్రుమంటుంది. కోడిగుడ్డు తగిలితే నల్లబడుతుంది, అందులో గంధకం ఉంటుంది కాబట్టి, అయితే వెంటనే కడిగితే పెద్ద ఇబ్బంది లేదు. ఆవకాయ అలా కాదు. ఆవపిండి, వెల్లుల్లి, పైన అంత ఉప్పు. ఒకసారి చెంచా రాత్రంతా జాడీలో మర్చిపోతే పొద్దున్నకి నల్లగా అయి, అంచు దగ్గర పచ్చగా చిలుము పట్టింది. ఇది స్టెర్లింగ్, వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి, ఆ పచ్చదనం రాగిదే. శుభ్రం చేశాక కూడా సన్నటి గుంటలు మిగిలిపోయాయి, ఇప్పటికీ వేలికి తగులుతాయి. డిష్‌వాషర్‌లో అసలు వేయొద్దు. రోజూ వాడి, గోరువెచ్చని నీళ్లతో చేత్తో కడిగి, వెంటనే తుడిస్తే నలుపు పెద్దగా పట్టదు. పెట్టెలో దాచినవే తొందరగా నల్లబడ్డాయి, అది కూడా నేను రబ్బరు బ్యాండ్లతో కట్టిపెట్టిన కట్ట.

అసలు చెప్పాల్సింది చెక్కడం గురించి. వెండి వెండే, కరిగిస్తే దాని ధర దానికి ఎప్పుడైనా వస్తుంది, కానీ 225 ఏళ్ల కిందట ఎవరో ఉలితో గీసిన గీత అరిగిపోతే మళ్లీ రాదు. ఆ గీతల లోతుల్లో నిలిచిన నలుపు వల్లే బొమ్మ కనిపిస్తుంది. మొదట్లో నేను అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా చేశాను. చెంచా తళతళలాడింది, చెయ్యీ బాకూ మాత్రం వెలిసిపోయినట్టయ్యాయి, మళ్లీ ఆ నీడ పట్టడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు అలవాటుగా పళ్లపొడి వేసి రుద్దింది. మామూలు వెండి కుందులకైతే సరే గానీ దీనికది గరుకు. ఇప్పుడు నెలకోసారి మెత్తటి గుడ్డతో, వెండి కోసమే అమ్మే పాలిష్ కొంచెం రాసి తుడుస్తున్నాను, చెక్కడం దగ్గర చెయ్యి తేలిక చేస్తాను.

కొనేటప్పుడు వెనక ముద్రలు చూడండి: నడిచే సింహం, చిరుతపులి తల (ఇది లండన్ గుర్తు), సంవత్సరం అక్షరం, పన్ను కట్టినట్టు రాజు లేదా రాణి తల (ఇది 1784 నుంచి 1890 దాకా వేసేవారు), చేసినవాళ్ల పొడి అక్షరాలు. నావాటి మీద సంవత్సరం అక్షరం ఇంగ్లిషు ‘E’. అవి చూశాక ముందు వైపు తిప్పి బొటనవేలితో తడమండి. ఒకచోట నాలుగు చెంచాలు తొందరపడి తీసుకున్నాను, బొమ్మ కొట్టొచ్చినట్టు ఉందని మురిసిపోయాను. ఇంటికొచ్చి చూస్తే ముద్రలన్నీ అరిగి మసగ్గా ఉన్నాయి, బొమ్మ ఒక్కటే నిన్న చెక్కినంత పదునుగా ఉంది. పాత గుర్తు చెరిపి కొత్తది వేశారు, అక్కడ కాడ పల్చబడి నొక్కితే వంగుతోంది. అమ్మినవాళ్లు ఆ మాట చెప్పలేదు, నాకు చాలా బాధేసింది.

ట్రే సంగతి వేరే. దాని మీద ఉన్నది డాలు ఆకారం కాదు, పేకముక్కల్లో డైమండ్ లాంటిది, నిలువుగా రెండు సగాలు. అలా ఉంటే అది భర్త పోయిన స్త్రీదని అర్థం, చూసేవాళ్లకి ఎడమ సగం భర్తవైపు గుర్తు, కుడి సగం పుట్టింటిది. లోపలి గీతలకు కూడా భాష ఉంది: నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డ గీతలుంటే నీలం, చుక్కలుంటే బంగారం. మా దాంట్లో ఎడమ సగం ఎరుపు, కుడి సగం నీలం. పాలిష్ చేస్తే అన్నిటికంటే ముందుగా అరిగిపోయేవి ఈ సన్నగీతలే, అందుకే దీన్ని ఎవరి చేతికీ ఇవ్వను. శ్రావణ శుక్రవారం తాంబూలం ఇందులోనే ఇస్తాం. ఇది భర్త పోయిన స్త్రీ ట్రే అని తెలిసినప్పుడు అమ్మ ఏమంటుందోనని నాకు టెన్షన్. ఆవిడ కాసేపు ఆ గీతల్ని చూసి, “పుట్టింటి గుర్తు కూడా వదులుకోలేదన్నమాట” అని, తనే పళ్లూ వక్కలూ సర్దింది. కుంకుమ మాత్రం నేరుగా పోయకండి, గీతల్లో ఇరుక్కుని కుంచెతో దులిపినా రావడం లేదు, మేం తమలపాకు పరిచి దాని మీద పెడుతున్నాం.