గీసిన బొమ్మా, తీసిన ఫొటోనా: ఉష్ణమండల మొక్కను చూపడానికి ఏది మేలు?

సామర్లకోటలో పనిచేసిన స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారుల చేత గీయించిన బొమ్మల నుంచి ఎంచిన 300 చిత్రాలు, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయ్యాయి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని, అంటే కొలోడియన్ అనే జిగట ద్రవం పూసిన గాజు పలక మీద ఫొటో తీసే విధానాన్ని వెల్లడించాక కలకత్తా, శ్రీలంకలోని పేరాదెనియ వంటి వలసకాలపు ఉద్యానాల చెట్లు ఫొటోలకు ఎక్కాయి. మొక్కను గుర్తుపట్టడానికి కొత్తదే మేలనుకోవడం సహజమే కానీ, నా లెక్కలో అది పొరపాటు.

రాక్స్‌బర్గ్ గ్రంథంలో ఉన్న మోదుగనే తీసుకుందాం. కొలోడియన్ పూసిన గాజు పలక నీలికాంతికి తప్ప మిగతా రంగులకు దాదాపు స్పందించదు కాబట్టి, ఎండాకాలంలో చెట్టంతా నిప్పంటుకున్నట్టు కనిపించే ఆ పువ్వు ఫొటోలో నల్లటి ముద్దగా మిగులుతుంది. ఆకుపచ్చ కూడా చీకటిగానే పడుతుంది. పైగా పలకను వెండి నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలో రసాయనాలతో కడగాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? ఈలోగా గాలి వీస్తే ఆకు అలికినట్టు అయిపోతుంది. చిత్రకారుడైతే వేర్వేరు నెలల్లో వచ్చే పువ్వును, కాయను ఒకే కాగితం మీద చేర్చి, కేసరాలను విడదీసి మరీ చూపగలడు.

ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు అనా అట్కిన్స్ చేసిన నీలిముద్రలు (సయనోటైపులు) మూడో దారి. వెలుగుకు రంగు మారే రసాయనాలు పూసిన కాగితం మీద మొక్కను పరిచి ఎండలో పెడితే అసలు కొలతలోనే రూపు దిగుతుంది. పలుచని ఫెర్న్ ఆకులకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు, మందపాటి పువ్వులకు మాత్రం పనికిరాదు.

మహావృక్షాల విషయంలో నా తీర్పు ఫొటో వైపే. పేరాదెనియలోని రబ్బరు మర్రి వేళ్లు నేల మీద గోడల్లా లేచి మెలికలు తిరగడం ఏ చిత్రకారుడు గీసినా అతిశయోక్తి అనిపిస్తుంది. పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసిన ఫొటోలో కొలత దానంతటదే తెలుస్తుంది. కలకత్తా మహా మర్రి 1864 తుఫానుకు దెబ్బతింది, తెగులు పట్టిన దాని మూలకాండాన్ని 1925లో తొలగించారు. ఇప్పుడు ఊడల మీదే నిలిచి ఉన్న ఆ చెట్టు మొదలుతో ఎలా ఉండేదో చూడాలంటే, అంతకుముందు తీసిన ఫొటోలనే వెతుక్కోవాలి.