రాగి చోక్, ఎలక్ట్రానిక్ చోక్: టైలరింగ్ షాపులో పాతికేళ్లు వాడాక

తెనాలిలో మా టైలరింగ్ షాపు తెరిచింది 1998లో. ఆరోజు బిగించిన నాలుగు ట్యూబ్‌లైట్లలో రెండింటికి ఇప్పటికీ అవే రాగి చోకులు, అంటే ట్యూబ్‌కి వెళ్లే కరెంటును అదుపు చేసే, రాగి తీగ చుట్టిన పెట్టెలు. ట్యూబులు చాలాసార్లు మార్చాను, స్టార్టర్లయితే డజన్ల కొద్దీ. ఆ రెండు చోకుల జోలికి మాత్రం వెళ్లాల్సిన పని పడలేదు. నలుపు దారానికీ నేవీ బ్లూ దారానికీ తేడా తెలియాలంటే మాకు వెలుతురే ముఖ్యం. అందుకే ఈ రాత.

మా బజారులో కరెంటు పని చేసే ఒక పెద్దాయన ఉండేవారు, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. లైట్ వెలగట్లేదని వెళ్లినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "చోక్ మీద చెయ్యి వేసే ముందు స్టార్టర్ తీసి చూడరా అబ్బాయ్." ఇన్నేళ్లలో మా షాపులో స్టార్టర్ ఉన్న లైట్లకు వచ్చిన ఇబ్బందుల్లో చోక్ వల్ల వచ్చినవి రెండే రెండు. మిగతావన్నీ స్టార్టరో, హోల్డరో, ట్యూబో.

వైరింగ్ ఆయనే నేర్పారు. స్విచ్ నుంచి వచ్చే ఫేజు ముందు చోక్‌లోకి వెళ్లాలి. చోక్ రెండో వైరు ట్యూబ్ ఒక చివరి పిన్నుకి. అదే చివర మిగిలిన పిన్ను నుంచి స్టార్టర్‌కి, స్టార్టర్ నుంచి అవతలి చివర ఒక పిన్నుకి. ఆ చివర ఇంకో పిన్ను న్యూట్రల్‌కి. అంతే. స్విచ్ న్యూట్రల్ మీద పడితే కూడా లైట్ వెలుగుతుంది, ఆరుతుంది. కానీ స్విచ్ ఆపినా ఫిట్టింగులో ఫేజు ఉంటుంది, ట్యూబ్ మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. మా షాపులో ఒక లైట్ అలాగే ఉందని టెస్టర్ పెట్టి చూసిన రోజే తెలిసింది. అప్పటి నుంచి ఏది ముట్టుకోవాలన్నా మెయిన్ ఆపేస్తాను.

చోక్ చేసే పని రెండు రకాలు. స్టార్టర్ లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగి కలిసినప్పుడు ట్యూబ్ రెండు చివరల ఫిలమెంట్లూ ఎర్రబడతాయి. పట్టీ విడిపోగానే చోక్ ఒక పెద్ద వోల్టేజీ దెబ్బ కొడుతుంది, దానితో ట్యూబ్ అంటుకుంటుంది. అంటుకున్నాక నాలుగు అడుగుల ట్యూబ్‌కి కావలసింది సుమారు వంద వోల్టులే, కరెంటు 0.43 ఆంపియర్. అది హద్దు దాటకుండా చోక్ పట్టి ఉంచుతుంది. చోక్ లేకుండా నేరుగా 230 వోల్టులకు కలిపితే, వెలిగిన ట్యూబ్ క్షణంలో పోతుంది.

ఇది అర్థమయ్యాక తప్పు ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. రెండు చివరలూ ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉంటే స్టార్టర్ పట్టీ అతుక్కుపోయినట్టు, లేదా లోపలి చిన్న కెపాసిటర్ షార్ట్ అయినట్టు. స్టార్టర్ తీయగానే ట్యూబ్ వెలిగితే అనుమానమే లేదు. వెలిగిన ట్యూబ్‌కి స్టార్టర్ అవసరం లేదు కాబట్టి తీసినా ఆరదు. మిణుకు మిణుకుమంటూ, చివరలు బాగా నల్లబడి ఉంటే ట్యూబ్ వయసైపోయింది, స్టార్టర్ మార్చి లాభం లేదు. అసలు ఏ చలనమూ లేకపోతే ముందు ట్యూబ్‌ను హోల్డర్‌లో కొంచెం తిప్పండి. మాకు సగం సార్లు అక్కడే బాగుపడింది. బట్టల నూగు, దుమ్ము హోల్డర్ పిన్నుల మధ్య చేరుతుంది.

చోక్ చెడిందా అన్నది బాబాయ్ వంద వాట్ల బల్బుతో చూసేవారు. బల్బు, చోక్ సిరీస్‌లో పెడితే బల్బు మామూలు కంటే మసకగా వెలగాలి. పూర్తి వెలుతురు వస్తే చోక్ లోపల చుట్లు షార్ట్ అయ్యాయి. అసలు వెలగకపోతే తీగ తెగింది. ఈ పరీక్ష చేయకుండా కొత్త ట్యూబ్ పెట్టి నేను నష్టపోయాను. మూడో ఫిట్టింగ్‌కి ఒక దుకాణంలో తక్కువ ధరకు చోక్ కొన్నాను. రాగి అని చెప్పి అమ్మారు, లోపల చుట్టింది అల్యూమినియం తీగ. ఏడాది తిరగకుండానే చోక్ లోపల నింపిన తారు కరిగి కారింది. లోపల షార్ట్ అయిన ఆ చోక్ వరసగా రెండు కొత్త ట్యూబుల్ని తినేసింది. రాగి చోక్ చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. తేలిగ్గా ఉంటే నేను తీసుకోను.

రాగి చోక్‌లో నన్ను బాధపెట్టినవి మూడు. ఒకటి గుయ్‌మనే చప్పుడు. స్క్రూలు బిగించి అడుగున రబ్బరు ముక్క పెడితే చాలావరకు తగ్గింది. రెండోది లో వోల్టేజీ. ఎండాకాలం సాయంత్రాలు స్టార్టర్ టిక్ టిక్ అంటూనే ఉండేది, ట్యూబ్ మాత్రం అంటుకునేది కాదు. పెళ్లిళ్ల సీజన్ బట్టలు చేతిలో పెట్టుకుని ఎంత టెన్షన్ పడ్డామో. మూడోది వెలుతురు సెకనుకి వందసార్లు ఎక్కుతూ తగ్గుతూ ఉండటం. కంటికి కనపడదు గానీ కుట్టు మిషన్ చక్రం తిరుగుతుంటే నిదానంగానో వెనక్కో తిరుగుతున్నట్టు కనిపించేది. లేత్ మిషన్ల షెడ్లలో ఇదే ప్రమాదం, తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట పక్కపక్క లైట్లను వేరే వేరే ఫేజులకు కలపడం మంచిది.

ఈ మూడింటి కోసమే 2014లో రెండు ఎలక్ట్రానిక్ చోకులు వేయించాను. స్విచ్ వేయగానే వెలిగింది, చప్పుడు లేదు, లో వోల్టేజీలో కూడా వెలిగింది. వేల హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకి వేలసార్లు, పని చేస్తుంది కాబట్టి చక్రం మాయ కూడా పోయింది. సూది బల్ల మీద రాత్రి పది దాకా కూర్చున్నా తల బరువెక్కలేదు. రాగి చోక్ తన వంతుగా పది వాట్ల పైనే వేడిగా పోగొడుతుంది, ఇది అంత తినదు. వైరింగ్ కూడా తేలికే: రెండు వైర్లు మెయిన్‌కి, రెండేసి వైర్లు ట్యూబ్ రెండు చివరలకి. స్టార్టర్ వైర్లు పూర్తిగా తీసేయాలి.

కానీ నిలవలేదు. ఒకటి పిడుగు పడిన రాత్రి పోయింది. రెండోది నాలుగో ఏట కెపాసిటర్ ఉబ్బి ఆగింది. తర్వాత వేయించినవీ నాలుగైదేళ్లకు మించి రాలేదు. ఫిలమెంట్ తెగిన ట్యూబ్‌ను కూడా పిన్నులు కలిపి ఈ చోక్ మీద వెలిగిస్తారు కొందరు. నేనూ చేశాను. ఆ చివర వేడెక్కి హోల్డర్ ప్లాస్టిక్ కమిలిపోవడం చూశాక మానేశాను.

పాదరసం ఉన్న ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2027తో ఆపాలని పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలోని దేశాలు 2023లో నిర్ణయించాయి. నేను ఒక డజను ట్యూబులు, ఒక పెట్టె స్టార్టర్లు కొని అటక మీద పెట్టాను. సూది బల్ల మీద ఎలక్ట్రానిక్ చోక్, కటింగ్ బల్ల మీదా బయట బోర్డు మీదా ఆ పాత రాగి చోకులు. ట్యూబులు అయిపోయే దాకా ఇలాగే నడుస్తుంది.